ఆ వాసన క్లోరిన్‌ది కాదు

జులై మొదటి సోమవారం సిగ్రిడ్ ట్వైట్ ఊరి మేయరుకు ఒక ఉత్తరం రాసింది. ఈతకొలనులో క్లోరిన్ మరీ ఎక్కువైపోయిందని, గేటు దగ్గరికి రాగానే ముక్కులు అదిరిపోతున్నాయని, నీళ్ళలోంచి లేచాక కళ్ళలో కారం కొట్టినట్టుంటోందని అందులో ఉంది. కింద పద్నాలుగు సంతకాలు. పద్నాలుగూ పొద్దున ఏడింటికి వచ్చి నడుంలోతు నీళ్ళలో వ్యాయామం చేసే పెద్దావిడలవి. ఉత్తరంలో కొలను చూసుకునే మనిషి పేరు ఎక్కడా లేదు. రాయాల్సిన పనీ లేదు. ల్యాంగ్‌విక్‌లో కొలనంటే నెట్టీ, నెట్టీ అంటే కొలను. పైగా ఆమె సిగ్రిడ్‌కి స్వయానా తమ్ముడి భార్య.

ఆ తమ్ముడు ఆర్నే పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ వదినా మరదళ్ళ మధ్య పోట్లాట లేదు, పలకరింపుకి మించి మాటా లేదు. పొద్దున గేటు తీసేటప్పుడు ఒకరు శుభోదయం అంటారు, రెండోవాళ్ళు అంతే మర్యాదగా తిరిగి అంటారు. ఆ తర్వాత సిగ్రిడ్ తన బృందంతో నీళ్ళలోకి, నెట్టీ నీళ్ళలో కలిపే మందుల గదిలోకి.

మేయరు ఒరెస్ట్ బాబిక్ ఆవాలూ మసూరుపప్పూ పండించే రైతు. మంచివాడే, కానీ పద్నాలుగు సంతకాలు ఒక్కసారి చూస్తే ఏ మేయరుకైనా చెమట పడుతుంది. ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ మధ్యాహ్నమే కొలను దగ్గరికి వచ్చాడు. నెట్టీ ఓపికగానే చెప్పింది. ముక్కుకి కొట్టేది క్లోరిన్ కాదు, క్లోరిన్ చెమటతోనూ ఒంటి జిడ్డుతోనూ ఇంకా చెప్పుకోకూడని వాటితోనూ కలిసినప్పుడు పుట్టే వేరే సరుకు అది. దాన్ని విరగ్గొట్టాలంటే క్లోరిన్ తగ్గించకూడదు, ఒక్కసారిగా పెంచాలి.

ఒరెస్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. “వాసనొస్తోంది మొర్రో అంటే ఇంకా పొయ్యాలంటావేంటి నెట్టీ? సూపులో ఉప్పెక్కువైతే ఇంకో గుప్పెడు వేస్తామా?”

“ఇది సూపు కాదు ఒరెస్ట్.”

“ఏదైనా ఒకటే. సగానికి తగ్గించు. కాయితం మీద రాసిస్తాను, నీ మీద మాట రాకుండా.”

రాసిచ్చాడు కూడా. నెట్టీ దాన్ని మందుల గది తలుపుకి అంటించింది. అసలు మాట ఒకటి ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఊళ్ళోకెల్లా గౌరవనీయులైన పద్నాలుగుమంది ఆడవాళ్ళు, ముఖానికి క్రీమూ మెడకి అత్తరూ రాసుకుని, షవర్ వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా నీళ్ళలోకి దిగుతున్నారని మేయరుతో ఎలా చెప్పడం? అందులో తన ఆడపడుచు ముందు వరసలో ఉంది.

నెట్టీకి అరవై రెండేళ్ళు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ కొలను ఆమె చేతిలో ఉంది. ఏడాదికి పదకొండు వారాలే అది తెరిచేది, మిగతాదంతా మంచు కాలమే. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో సగంమందికి ఆమే చంకల కింద చేతులు పెట్టి ఈత నేర్పింది. క్లోరిన్‌ని మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు, అదే నేర్పింది. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో, నీటి పులుపు సరిచేసే ఆసిడ్ కొలిచిన జగ్గునే కడక్కుండా క్లోరిన్ డబ్బాలో ముంచింది. జగ్గులోంచి పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగ లేచింది. లేచి పైకి పోలేదు, గాలికన్నా బరువు కదా, నేలమీద పాములా పాకుతూ ఆమె మోకాళ్ళ దగ్గరికొచ్చింది. ఊపిరి బిగబట్టి బయటికి పరుగెత్తింది కాబట్టి బతికింది. మూడు రోజులు దగ్గింది. అప్పటినుంచీ రెండు మందులకీ రెండు గదులు, రెండు తాళాలు, రెండు రంగుల జగ్గులు. క్లోరిన్ అంటే ఆమెకు భయం పోయింది, మర్యాద మిగిలింది. కోడెగిత్తతో పనిచేసే రైతుకు ఉండేలాంటి మర్యాద.

మేయరు చెప్పినట్టే సగానికి తగ్గించింది. మరునాడు ఎండ ముప్పై నాలుగు డిగ్రీలు దాటింది. ఎండ క్లోరిన్‌ని తినేస్తుంది. పొద్దున పోసింది మధ్యాహ్నానికి ఉండదు. మూడు రోజులకల్లా పిల్లల కళ్ళు కుందేలు కళ్ళలా ఎర్రబడ్డాయి, గేటు దగ్గరి వాసన వీధి చివరికి చేరింది, మెట్లు కాళ్ళకింద జారడం మొదలుపెట్టాయి. వారం తిరిగేసరికి లోతు వైపు నీళ్ళు లేత ఆకుపచ్చకి తిరిగాయి. నెట్టీ రోజూ గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, పరీక్ష బిళ్ళ వేసి, క్లోరిన్ కొద్దీ తేలే గులాబీ రంగు ఎంతుందో చూసి, పుస్తకంలో రాసుకుని, పళ్ళు కొరుక్కునేది. సిగ్రిడ్ బృందం గట్టుమీద నిలబడి, తగ్గించమంటే ఈవిడ దొంగచాటుగా పెంచుతున్నట్టుంది అని వినపడేలా గుసగుసలాడింది.

శుక్రవారం పొద్దున గేటు తీసేసరికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆకుపచ్చ పోయింది, అడుగున వేసిన నల్ల గీతలు లెక్కపెట్టొచ్చు. నెట్టీకి సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. ఆమె చేసిందేమీ లేదు. క్లోరిన్ చూస్తే నిన్నటిలాగే అడుగంటి ఉంది. నీళ్ళు తమంతట తాము బాగుపడవని ఇరవై నాలుగేళ్ళలో ఆమె నేర్చుకుంది.

అనుమానం తీరడానికి రెండు రోజులే పట్టింది. ఆదివారం చర్చిలో గాయకబృందం లేచి నిలబడింది. మధ్యలో సిగ్రిడ్, డెబ్బై ఏళ్ళ వయసులోనూ వెన్ను వంగని మనిషి, ఊరంతా మెచ్చే వెండి జుట్టు. ఆ వెండి జుట్టు కిటికీ వెలుగు పడగానే పచ్చి బఠానీ రంగులో మెరిసింది. ఆమె పక్కావిడది కూడా. వెనక వరసలో జుట్టు బ్లీచ్ చేయించుకున్న ఇద్దరివీ అంతే. పాట మధ్యలో ఎవరో పిల్ల నవ్వింది. సిగ్రిడ్ చివరి చరణం దాకా శ్రుతి తప్పకుండా పాడింది. తర్వాత కాఫీకి ఆగకుండా, ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఊరు తీర్పు చెప్పేసింది. క్లోరిన్ జుట్టుని కూడా కాల్చేస్తోంది, రేపు చర్మాన్ని వదుల్తుందా? బుధవారం ఊరి సభ పెట్టి, ఈ వేసవికి కొలను మూసేయాలని ప్రతిపాదన. ఇంకో కొలనుకి పోవాలంటే అరవై కిలోమీటర్లు.

నెట్టీకి ఆ రాత్రి కోపంతో అన్నం సహించలేదుగానీ బుర్ర మాత్రం పనిచేసింది. జుట్టుని ఆకుపచ్చ చేసేది క్లోరిన్ కాదు, రాగి. రాగి పాత్రకి పట్టే చిలుమే నెరిసిన జుట్టుకీ పడుతుంది, నల్ల జుట్టులో అది కనపడదు. మరి కొలనులోకి రాగి ఎక్కణ్ణుంచి వచ్చింది? సోమవారం రాగి పరీక్ష చేసే పట్టీలు కొనడానికి సహకార దుకాణానికి వెళ్ళింది. గల్లాలో కూర్చున్న అమ్మాయి మాటల సందర్భంలో, మేయరుగారు ఈ ఏడాది మైలతుత్తం రెండు సంచులు తీసుకెళ్ళారని, ఎప్పుడూ ఒకటే కొనేవారని, పొలం చెరువులో పాచి అంత ఎక్కువగా ఉందా అని అడిగింది. నెట్టీ ఏమో అంది. మైలతుత్తం అంటే రాగి ఉప్పే. కొలను దగ్గరికొచ్చి పట్టీని నీళ్ళలో ముంచింది. డబ్బామీద ఉన్న రంగులన్నిటికన్నా ముదురు రంగు తేలింది.

ఒరెస్ట్‌కి ఫోన్ చేయాలా అని కాసేపు ఆలోచించింది. చేయలేదు. తన పొలం చెరువులో పాచికి ఏటా వేసే మందునే ఊరి కొలనులోనూ వేస్తే నష్టమేమిటని అనుకుని ఉంటాడు. తనంతట తను చెప్పే అవకాశం అతనికి ఇవ్వాలనిపించింది.

బుధవారం సభకి హాలు నిండిపోయింది. బల్లమీద కాఫీ కెటిల్, బెర్రీ పళ్ళు కూరి కాల్చిన రొట్టె ముక్కలు. సిగ్రిడ్ మొదటి వరసలో తలకి గళ్ళ రుమాలు కట్టుకుని కూర్చుంది. నెట్టీ రెండు గాజుగ్లాసులతో ముందుకొచ్చింది. ఉపన్యాసం ఇవ్వడం ఆమెకు చేతకాదు, మొదటి గ్లాసు తిన్నగా ఆడపడుచు చేతికే ఇచ్చి వాసన చూడమంది.

సిగ్రిడ్ అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఏముంది ఇందులో? ఉతికారేసిన దుప్పటి వాసనొస్తోంది, అంతే.”

“ఇప్పుడిది చూడు.”

రెండో గ్లాసు ముక్కు దాకా పోకముందే సిగ్రిడ్ తల వెనక్కి లాక్కుంది. “ఇదే. ఈ కంపు గురించే మేం రాసింది.”

మొదటి గ్లాసులో కుళాయి నీళ్ళు, మేయరు తగ్గించమనక ముందు కొలనులో ఉన్నంత క్లోరిన్ ఉందని నెట్టీ చెప్పింది. రెండోది ఈ సాయంత్రం కొలనులోంచి ముంచి తెచ్చినవి. అందులో క్లోరిన్ మొదటి గ్లాసులో ఉన్నదానిలో పావు వంతు కూడా లేదు. నమ్మనివాళ్ళు రంగు చూసుకోండని ముందు వరసలో ఇద్దరి చేతుల్లో రెండు నీళ్ళ గొట్టాలూ పెట్టింది. ఒకటి ముదురు గులాబీ, రెండోది ఉందా లేదా అన్నంత లేత. క్లోరిన్ పనివాడి లాంటిదని చెప్పింది. చేతులు ఖాళీగా ఉన్నంతసేపూ క్రిముల్ని చంపుతుంది, వాసన రానివ్వదు. చెమటా మూత్రమూ క్రీములూ వచ్చి పడితే వాటిని పట్టుకుని చేతులు కట్టుబడిపోతాయి. ఆ కట్టుబడ్డ క్లోరినే కళ్ళు మండించేది, కంపు కొట్టేది. దాన్ని విడదీయాలంటే దానికి పదింతల ఖాళీ చేతులు కావాలి.

 సిగ్రిడ్ రెండో గ్లాసుని ఇంకా పట్టుకునే ఉంది. “అంటే ఈ వాసన క్లోరిన్‌ది కాదంటావు. మరెవరిది?”

“మనది,” అంది నెట్టీ.

వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది. సిగ్రిడ్ గ్లాసు బల్లమీద పెట్టింది. “మర్యాదకి మనదన్నావుగానీ మాదనేగా నీ మాట. మేం ఒళ్ళు కడుక్కోకుండా దిగుతున్నామని.”

“దిగుతున్నారు. పిల్లలూ దిగుతున్నారు. కానీ పిల్లలు అత్తరు పూసుకోరు.”

ఎవరో నవ్వి దగ్గుగా మార్చారు. సిగ్రిడ్ మాత్రం చూపు తిప్పలేదు. “సరే. నేనొకటడుగుతాను. ఆ షవర్ కింద నువ్వెప్పుడైనా నిలబడ్డావా నెట్టీ? పొద్దున్నే ఏడింటికి?”

నెట్టీ ఎప్పుడూ నిలబడలేదు. ఆమె ఇంట్లో వేడినీళ్ళ స్నానం చేసి వస్తుంది.

“మంచుగడ్డలు నెత్తిన పోసినట్టుంటాయి. మా బృందంలో ఇన్‌గెబోర్గ్‌కి గుండె ఆపరేషన్ అయింది. ఆ నీళ్ళు పడితే పాపం అక్కడే పోతుంది. నాలుగేళ్ళ కిందట చెప్పాను, వేడినీళ్ళ ట్యాంకు పాడైందని. చూస్తానన్నావు.”

చూస్తానన్న మాట నెట్టీకి గుర్తొచ్చింది. ఆ ఏడాది పంపు కూడా పాడైంది, పంపు బాగుచేయించి ట్యాంకు సంగతి మరిచిపోయింది. నీళ్ళలో పదిలక్షల పాళ్ళకి ఒక పాలు తేడా వస్తే పట్టుకునే తాను, గోడ అవతల నాలుగేళ్ళుగా చన్నీళ్ళు కారుతుంటే ఒక్కసారి చెయ్యి పెట్టి చూడలేదు. ఆ మాటే పైకి చెప్పింది, తప్పు నాదేనని. సిగ్రిడ్ ఆ జవాబు ఊహించినట్టు లేదు. పోట్లాటకి సిద్ధమై కూర్చున్న మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“మరి జుట్టు సంగతేంటి?” అని వెనకనుంచి ఒకావిడ అడిగింది.

అది రాగి వల్ల అని, నీళ్ళలోకి రాగి ఎలాగో చేరిందని, పరీక్షలో తేలిందని నెట్టీ చెప్పింది. ఎవరివైపూ చూడకుండా గ్లాసులు సర్దుకోవడం మొదలుపెట్టింది. చాలాసేపు సర్దింది.

అధ్యక్షుడి కుర్చీలో ఒరెస్ట్ చెవులు బీట్‌రూటు రంగుకి తిరిగాయి. లేచి నిలబడ్డాడు. “అది నా పనే. పాచి చూసి ఉండబట్టలేక గురువారం సాయంత్రం మా చెరువుకేసే మైలతుత్తం ఒక సంచి కొలనులో వేశాను. మా చెరువులో బాతులకేం కాలేదు మరి.”

“బాతులకి జుట్టు నెరవదు ఒరెస్ట్,” అంది సిగ్రిడ్. అని తలకి కట్టిన రుమాలు విప్పేసింది. దీపాల కింద ఆకుపచ్చ మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ముందు ఇన్‌గెబోర్గ్ నవ్వింది, తర్వాత సిగ్రిడే నవ్వింది, ఆ తర్వాత హాలంతా.

మూసేసే ప్రతిపాదనని ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. వేడినీళ్ళ ట్యాంకు తన చేత్తో బిగిస్తానని ఒరెస్ట్ ఒప్పుకున్నాడు. కొలనులో సగం నీళ్ళు తోడి కొత్తవి నింపి, ఆ రాగిని పలచన చేయాలని, ఆపైన నెట్టీ చెప్పినంత క్లోరిన్ పోయాలని తీర్మానం రాశారు. పచ్చబడ్డ జుట్టుకి నిమ్మరసం పట్టించి అరగంట ఉంచమని నెట్టీ చెప్పింది. మరునాటికి సహకార దుకాణంలో నిమ్మకాయలు అయిపోయాయి.

కొత్త నీళ్ళు నిండేసరికి శనివారం అయింది. ఎండ ఉండగా పోస్తే వృథా, అందుకని నెట్టీ పొద్దు వాలేదాకా ఆగింది. జులైలో అక్కడ తొమ్మిదింటికిగానీ సూర్యుడు దిగడు. డబ్బాలు గట్టుమీద పెట్టుకుని చేతితొడుగులు వేసుకుంటుంటే గేటు చప్పుడైంది. సిగ్రిడ్ రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. ఒక్కదానివే మొయ్యలేవేమోనని వచ్చానంది. నెట్టీ ఆమెకి కళ్ళద్దాలూ తొడుగులూ ఇచ్చి, గాలి వీపుకి తగిలేలా నిలబడమని, నీళ్ళ మీదికి వంగి నెమ్మదిగా పోయమని చూపించింది.

ఇద్దరూ చెరో వైపునుంచి పోసుకుంటూ నడిచారు. ఇది దేనితో చేస్తారని సిగ్రిడ్ అడిగింది. ఉప్పుతో అని నెట్టీ చెప్పింది. ఈ మైదానం కింద కిలోమీటరు లోతున పడున్న ఉప్పు ఉందే, అలాంటిదాన్నే నీళ్ళలో కలిపి కరెంటు పారిస్తే క్లోరిన్ విడిపోతుంది. విడిగా ఉంటే ఊపిరి తీసే విషం, సోడియంతో జత కడితే బంగాళాదుంపల మీద చల్లుకునే ఉప్పు. సిగ్రిడ్ డబ్బావైపు కాస్త గౌరవంగా చూసింది.

మొదటి డబ్బా అయ్యాక ఇద్దరూ బల్లమీద కూర్చున్నారు. కొలను మీది వేడి ఆవిరి మెల్లగా పైకి లేస్తోంది.

“ఆర్నే పోయాక నువ్వు మా ఇంటికి రావడం మానేశావు,” అంది సిగ్రిడ్.

“నా దగ్గర క్లోరిన్ వాసనొస్తోందన్నావు. నీ సోఫాలో కూర్చున్నప్పుడు. లేచి కిటికీ తీశావు కూడా.”

సిగ్రిడ్ తొడుగుల వేళ్ళు ఒక్కొక్కటే లాక్కుంది. “వాడు ముప్పై ఏళ్ళు నీ పక్కన ఉన్నాడు. చివరి పద్దెనిమిదేళ్ళూ వేసవిలో పని కాగానే వచ్చి నీతో ఈ డబ్బాలు మోశాడు. ఆదివారం భోజనానికొస్తే వాడి చొక్కాకీ ఇదే వాసన. వాడు పోయిన నెలలో నువ్వొచ్చి కూర్చుంటే, లోపల్నుంచి వాడే వచ్చి కుర్చీ లాక్కుంటాడేమో అనిపించింది. ఊపిరాడక కిటికీ తీశాను. చెప్పడం రాలేదు నాకు.”

 ఆరేళ్ళుగా నెట్టీ చేతులకి నిమ్మ సబ్బు రుద్దుకుంటోంది, సిగ్రిడ్ ముందు పడాలంటే ఇంకా గట్టిగా. అది తలుచుకుంటే నవ్వొచ్చింది, నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. సిగ్రిడ్ ఆమె మోకాలి మీద ఒకసారి తట్టి, రెండో డబ్బా వైపు నడిచింది. ఆదివారం మధ్యాహ్నం మాంసంముద్దలు చేస్తున్నాను, రమ్మని వెళ్తూ వెళ్తూ చెప్పింది.

ఆదివారం కొలను తెరవలేదు. ఎండ తన పని తను చేసింది, పోసిన క్లోరిన్ తగ్గాల్సినంత తగ్గింది. సోమవారం ఆరుంబావుకి నెట్టీ గొట్టంలో నీళ్ళు పట్టింది. మొదటి బిళ్ళకి రంగు బాగా తేలింది, రెండో బిళ్ళకి మారలేదు. అంటే కట్టుబడ్డ క్లోరిన్ చుక్క కూడా లేదు. గట్టుమీద మోకాళ్ళూని ముక్కు నీళ్ళకి ఆనించి చూసింది. ఏ వాసనా లేదు.

ఏడింటికి షవర్ గదిలోంచి ఆవిర్లు వచ్చాయి. లోపల పద్నాలుగు గొంతులు ఒకేసారి మాట్లాడుతున్నాయి, ఎవరో పాట కూడా ఎత్తుకున్నారు. ఇరవై నిమిషాలదాకా ఒక్కరూ బయటికి రాలేదు. వ్యాయామం సమయంలో సగం వేడినీళ్ళ కిందే గడిచిపోయింది.

ఆగస్టు వచ్చేసరికి నెట్టీ ఎవరికీ షవర్ గురించి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ పని సిగ్రిడ్ తీసుకుంది. షవర్ గదికీ కొలనుకీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ తల తడిసిందో లేదో చేత్తో తడిమి చూసేది. ఒకరోజు పాస్టర్ డాలే పొడి జుట్టుతో, తువ్వాలు భుజాన వేసుకుని, ఆమెను చూసి నవ్వుతూ పక్కనుంచి దాటబోయాడు. సిగ్రిడ్ కాలు అడ్డం పెట్టింది. “మీరు పొద్దున్నే స్నానం చేసే ఉంటారు, తెలుసు,” అంది చాలా వినయంగా. “దేవుడికి సరిపోతుంది. నీళ్ళకి సరిపోదు. ఎడమవైపు కుళాయి తిప్పండి, అందులో వేడి ఎక్కువొస్తుంది.”

పాస్టర్ వెనక్కి వెళ్ళాడు.